పొయ్యి వెనుక గోడ

గత సంవత్సరం షాబాన్ నెలలో మా ఇంట్లో ఒక గోడ విషయమై మూడు వారాలు చర్చ నడిచింది. అన్నదమ్ముల పంపకాల గోడ కాదు, ఇరుగుపొరుగు హద్దు గోడ కాదు. వంటింట్లో పొయ్యి వెనుక ఉన్న గోడ. గ్రానైట్ బండ పొడవున 14 అడుగులు, దాని మీద రెండడుగుల ఎత్తు. ఆ కాస్త గోడకు టైల్స్ అతికించాలా వద్దా, అతికిస్తే ఏవి, ఎక్కడి దాకా అన్నదే చర్చ. ఇంత చిన్న సంగతిని పత్రికలో రాయడమెందుకని పాఠకులకు తోచవచ్చు. ఆ గోడ దగ్గర నేను ముప్ఫై ఏళ్ళుగా విద్యార్థులకు చెబుతున్న ఒక హదీసులో సగం పాఠమే నేర్చుకున్నానని నాకు తెలిసివచ్చింది. మిగిలిన సగం నాకు నేర్పింది మద్రసా కాదు, మా ఇంటి వంటగది. అందుకే రాస్తున్నాను.

నా బాల్యం పలమనేరు వైపు ఒక పల్లెలో గడిచింది. మా అమ్మ కట్టెల పొయ్యి మీద వండేది. పొయ్యి వెనుక మట్టిగోడ. పొగకు అది నల్లబడేది. సంగటి కెలికేటప్పుడు, తాలింపు వేసేటప్పుడు చింది పడినవన్నీ దాని మీదే ఎండిపోయేవి. ప్రతి శుక్రవారం ఉదయం అమ్మ ఆ భాగాన్ని ఎర్రమన్నుతో అలికేది. రమజాన్ నెలవంకకు ముందు, రెండు పండుగలకు ముందు సున్నం కొట్టేది. సున్నం తిన్న అమ్మ చేతివేళ్ళ చివర్లు పగిలి ఉండేవి. ఆ వేళ్ళతోనే మాకు అన్నం కలిపి పెట్టేది. గోడను అమ్మ ఎందుకు అన్నిసార్లు అలుకుతుందో అప్పుడు మాకు తెలియదు, అడగనూ లేదు. ఇంట్లో సూర్యోదయం ఎలా జరుగుతుందో అదీ అలాగే జరిగేదని అనుకున్నాము.

తర్వాత నేను ఉమరాబాద్ జామియా దారుస్సలాంలో చదువుకుని వచ్చి, చిత్తూరులో ఉపాధ్యాయుడిగా స్థిరపడ్డాను. 2002లో ఊరి చివర రెండు గదుల ఇల్లు కట్టుకున్నాము. వంటింట్లో గ్రానైట్ బండ వేయించాను గాని, గోడకు మాత్రం సిమెంటు పూత, దాని మీద రంగు. చేతిలో డబ్బు అంతవరకే వచ్చింది. టైల్స్ తర్వాత చూద్దామని నా భార్యతో అన్నాను. ఆ 'తర్వాత' ఇరవై ఏళ్ళకు పైగా సాగింది.

రంగు వేసిన గోడ మీద నూనె చిందితే అది గోడలోకి ఇంకుతుంది. పసుపు, కారం కలిసిన నూనె అయితే మరక పడిపోతుంది. తుడిస్తే రంగు లేస్తుంది, తుడవకపోతే జిగురు పట్టి దుమ్ము అంటుకుంటుంది. నా భార్య ప్రతి రాత్రి ఇషా నమాజు తర్వాత సబ్బునీళ్ళూ పీచూ తీసుకుని ఆ గోడను రుద్దేది. రెండు మూడేళ్ళకొకసారి రంగు వేయించేవాళ్ళం. ఏడాది తిరగకముందే మళ్ళీ అదే స్థితి. ఈ ఇరవై ఏళ్ళలో ఆమె నన్ను టైల్స్ గురించి మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ నేను 'చూద్దాం' అన్నాను. నాలుగోసారి అడగలేదు.

రెండేళ్ళ క్రితం ఆమె కుడి మణికట్టు నొప్పి మొదలైంది. రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కి నిద్ర లేచి కూర్చునేది. వైద్యుడు పరీక్షించి, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందని, బట్టలు పిండడం, గట్టిగా రుద్దడం వంటి పనులు తగ్గించాలని చెప్పారు. ఇంటికి వచ్చాక తిరుపతిలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయికి ఈ సంగతి ఫోన్లో చెప్పాను. వాడు వెంటనే, "అబ్బా, ముందు ఆ పొయ్యి గోడకు టైల్స్ వేయించండి. అమ్మీ చెయ్యి పోయింది ఆ గోడ దగ్గరే" అన్నాడు.

ఇక్కడ నా తప్పు దాచకుండా చెప్పాలి. ఖర్చు మాట రాగానే నాకు జ్ఞాపకం వచ్చింది హదీసు. సహీహ్ ముస్లింలో హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం ఉంది. దైవప్రవక్త (స) ఒక యుద్ధయాత్రకు వెళ్ళి ఉండగా ఆమె ద్వారానికి ఒక అలంకారపు వస్త్రం వేలాడదీశారు. ఆయన తిరిగి వచ్చి దానిని చూశారు. ముఖంలో అయిష్టం కనిపించింది. దానిని లాగి చించివేశారు. రాళ్ళకూ మట్టికీ దుస్తులు తొడగడం అల్లాహ్ మనకు ఆదేశించిన పని కాదన్న భావంతో మాట్లాడారు. నేను ఈ హదీసును అబ్బాయికి వినిపించాను. అంతటితో ఆగకుండా, సహీహ్ బుఖారీలో వచ్చే హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఉదంతం కూడా చెప్పాను. అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఇంటికి విందుకు వచ్చిన ఆయన గోడకు తెర కట్టి ఉండడం చూశారు. ఆడవాళ్ళ మాటే నెగ్గిందని ఇంటివారు సంజాయిషీ చెప్పుకున్నా, ఆయన భోజనం చేయకుండానే వెనుదిరిగారు. "మన పెద్దలు గోడల ముస్తాబును ఇంతగా అసహ్యించుకున్నారు" అని ముగించాను. పాఠం చెప్పినట్టే చెప్పాను. అవతల అబ్బాయి మౌనంగా ఉన్నాడు.

నా భార్య వంటింటి గడప దగ్గర నిలబడి అంతా వింది. మా ఇంటి ఉర్దూలో ఆమె అన్న మాటను తెలుగులో రాస్తున్నాను. "ఏమండీ, అబ్బాయి నికాహ్‌కు మన వీధి గోడకు అతికించారు కదా, అది ఏ బట్ట?" అంది. అంతే. లోపలికి వెళ్ళిపోయింది.

మా అబ్బాయి పెళ్ళి సందర్భంగా ఇంటి ముందు గోడకు, వీధిలోకి కనిపించేలా, రాతి నమూనా ఎలివేషన్ టైల్స్ అతికించాము. వియ్యాలవారు వస్తారు, నలుగురూ చూస్తారు అన్నది కారణం. కూలీతో కలిపి 24,000 రూపాయలు అయింది. అప్పుడు నాకు ఈ హదీసు గుర్తుకు రాలేదు. ఎవరూ రుద్దనవసరం లేని గోడకు, ఎవరి చెయ్యీ తాకని గోడకు, కేవలం కళ్ళ కోసం అంత ఖర్చు పెట్టిన మనిషిని నేను. రోజుకు మూడు పూటలు వేడి, నూనె, ఆవిరి తగిలే గోడ దగ్గర మాత్రం రాళ్ళకూ మట్టికీ బట్టలెందుకని ప్రశ్నించాను. హదీసును నా జేబుకు కాపలాగా నిలబెట్టాను. అల్లాహ్ నన్ను క్షమించుగాక.

ఆ రాత్రి పుస్తకం తీసి ఆ హదీసును మొదటి నుంచి చివరి దాకా మళ్ళీ చదివాను. నేను ఎప్పుడూ ఆపే చోట హదీసు ఆగదు. ఆ తర్వాత ఆయిషా (రజి) ఆ వస్త్రాన్ని కత్తిరించి రెండు దిండ్లు కుట్టారు. వాటిలో ఖర్జూరపు నార నింపారు. దానికి ప్రవక్త (స) ఎలాంటి అభ్యంతరం చెప్పలేదు. వస్త్రం అదే, ఇల్లూ అదే, ఇల్లాలూ ఆమే. ద్వారం మీద వేలాడుతున్నప్పుడు చించదగినదైన గుడ్డ, మనిషి ఆనుకుని కూర్చోవడానికి పనికివచ్చినప్పుడు ఇంట్లో నిలిచింది. వస్తువు ఏమిటన్న ప్రశ్నతో పాటు అది ఎక్కడ ఉంది, ఎవరికి ఏ మేలు చేస్తోంది అన్న ప్రశ్న కూడా ఆ హదీసులో ఉంది. గోడలను వస్త్రాలతో కప్పడం ఇందువల్ల హరామ్ అని తేలదనీ, అయిష్టమైన పనిగా గ్రహించాలనీ ఇమామ్ నవవీ (రహ్మలై) వంటి వ్యాఖ్యాతలు వివరించారు. ఆ వివరణ నాకు కొత్త కాదు. తరగతిలో చెప్పినదే. ఇంట్లో అవసరం పడినప్పుడు మరిచాను.

మరునాడు ఫజ్ర్ తర్వాత నా భార్యను కూర్చోబెట్టి, "గోడ నీది. ఏది వేయాలో, ఎంత వేయాలో నువ్వు చెప్పు" అన్నాను. ఆమె వెంటనే నమ్మలేదు. బిడ్డకు పాలు మాన్పించే విషయంలో కూడా తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో నిర్ణయించుకోవాలని బఖరా సూరా 233వ ఆయతు బోధిస్తుంది. ఇంటి వ్యవహారాలలో సంప్రదింపు అంటే నేను నిర్ణయించి ఆమెకు తెలియజేయడమని ఇన్నేళ్ళూ ఆచరణలో చూపించాను. ఆమె అనుమానానికి కారణం ఉంది.

ఆమె మొదట చేసిన పని ఇది. నా మద్రసా సంచిలోంచి సుద్దముక్క తీసుకుని పొయ్యి ముందు నిలబడింది. పెనం ఎక్కడ పెడుతుందో, తాలింపు గరిటె ఎటు తిప్పుతుందో, చింది పడే నూనె ఎంత ఎత్తుకు ఎగురుతుందో చూపిస్తూ గోడ మీద గీతలు గీసింది. బండ పొడవంతా రెండడుగులు చాలు. పొయ్యి వెనుక నాలుగడుగుల వెడల్పున మాత్రం నాలుగడుగుల ఎత్తు కావాలని తేల్చింది. పైకప్పు దాకా వేయించడం దండగ అంది. మిక్సీ ప్లగ్గు కుళాయికి జానెడు దూరంలో ఉందని, తడిచేత్తో స్విచ్చు వేయవలసి వస్తోందని, గోడ ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి దానిని అవతలి వైపుకు మార్చాలని చెప్పింది. ఇరవై ఏళ్ళు నేను ఆ గదిలోకి మంచినీళ్ళకు వెళ్ళి వచ్చాను. ఆ ప్లగ్గు నాకు ఎన్నడూ కనిపించలేదు.

ఏ వస్తువు వాడాలన్న మాట వచ్చింది. చిత్తూరు చుట్టుపక్కల గ్రానైట్ కోసే, పాలిష్ పట్టే యూనిట్లు చాలా ఉన్నాయి. కుప్పం ఆకుపచ్చ గ్రానైట్ పేరు దూరదేశాలకు పోయింది. కోతలో మిగిలిన ముక్కలు చౌకగా దొరుకుతాయి కాబట్టి బండకు జతగా నల్ల గ్రానైట్ ముక్కలే గోడకూ వేయిద్దామని, నలుపు మీద మరక కనిపించదని నేను సూచించాను. ఆమె ఒప్పుకోలేదు. "మరక కనిపించకపోతే పోయినట్టా? కనిపిస్తేనే కదా తుడుస్తాను. మురికిని దాచే గోడ నాకు వద్దు" అంది.

ఆ మాట నా చెవిలో చాలా రోజులు ఉండిపోయింది. దాసుడు పాపం చేసినప్పుడు అతని హృదయం మీద ఒక నల్లని చుక్క పడుతుందని, పశ్చాత్తాపపడితే అది తుడిచిపెట్టుకుపోతుందని, పాపం పెరిగితే ఆ నలుపు హృదయమంతా కమ్ముకుంటుందని హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు తిర్మిజీలో ఉంది. ముతఫ్ఫిఫీన్ సూరా 14వ ఆయతులోని 'రాన్' అనే పదానికి, అంటే హృదయాలకు పట్టిన త్రుప్పుకు, ఈ హదీసే వివరణ. పిల్లలకు ఈ పాఠం చెప్పేటప్పుడు తెల్లగుడ్డ, సిరా చుక్క ఉదాహరణ ఇస్తుంటాను. ఇకమీదట మా వంటింటి గోడ ఉదాహరణ ఇవ్వవచ్చు. తెల్లని గోడ మీద మొదటి చుక్కే కనబడుతుంది. నల్లని గోడ మీద వందో చుక్క కూడా కనబడదు.

టైల్స్ చూడడానికి ఒక ఆదివారం తిరుపతి వెళ్ళాము. మా ఊరి నుంచి సుమారు 70 కిలోమీటర్లు. చిత్తూరులోనూ దుకాణాలు ఉన్నాయి గాని, అబ్బాయి, కోడలు కూడా తోడు ఉంటారని అక్కడికే వెళ్ళాము. చంద్రగిరి కోట దాటుతుండగా నా భార్య, "ధర ఎక్కువైతే వెనక్కి వచ్చేద్దాం" అంది. ఇన్నేళ్ళ నా 'చూద్దాం' ఆమెకు నేర్పిన మాట అది.

దుకాణం నిండా గుజరాత్ మోర్బీ నుంచి వచ్చిన పెట్టెలు. మన దేశపు సిరామిక్ టైల్స్‌లో అత్యధిక భాగం ఆ ఒక్క ఊరి చుట్టుపక్కలే తయారవుతుంది. వంటింటి గోడకు 'డార్క్, లైట్, హైలైటర్' అని మూడు రకాలు కలిపి అమ్ముతారు. హైలైటర్ అంటే బొమ్మ ఉన్న పలక. తేనీటి కప్పులు, పళ్ళ బుట్టలు, మిరపకాయలు, కొన్నింటి మీద పిట్టలు, టోపీ పెట్టుకున్న వంటవాడు. ప్రాణుల బొమ్మలు ఇంటి గోడకు వద్దన్న విషయంలో మా ఇంట్లో రెండో మాట లేదు. పళ్ళ బొమ్మలకు ధర్మపరమైన అభ్యంతరం లేదని చెప్పాను. అయినా నా భార్య వాటినీ పక్కన పెట్టింది. "పండును చూస్తే ఈగను తోలినట్టు ఉంటుంది" అని నవ్వింది.

అబ్బాయికి వేరే కోరిక ఉంది. ఇప్పుడు టైల్ మీద ఏది కావాలంటే అది ముద్రించి ఇస్తున్నారు. పొయ్యి పైన సరిగ్గా మధ్యలో బంగారు అక్షరాలలో 'బిస్మిల్లాహ్', ఆయతుల్ కుర్సీ ఉన్న పలకలు పెడదామన్నాడు. వాడి ఉద్దేశం మంచిదే. ఇంటికి బర్కత్ కావాలనే వాడి కోరిక. కాని ఆ చోటు ఆలోచించమన్నాను. అక్షరాల మీద నూనె చిందుతుంది, మసి పడుతుంది, గిన్నెలు తుడిచిన గుడ్డతోనే వాటినీ తుడవవలసి వస్తుంది. కొంతకాలానికి అంచు పగిలితే ఆ ముక్క ఏమి చేయాలి? చెత్తలో వేయగలమా?

బీదర్‌లో మహ్మూద్ గవాన్ మద్రసాను చూసిన రోజు నాకు గుర్తుకు వచ్చింది. 1472లో, బహమనీల కాలంలో కట్టిన విద్యాలయం అది. పర్షియా పద్ధతిలో నీలం, తెలుపు, పసుపు రంగుల పలకలతో దాని ముఖభాగాన్ని అలంకరించారు. ఆయతులు ఉన్న పట్టీని కట్టడం పైభాగాన, మనుషుల చేతులు, భుజాలు తగలని ఎత్తులో అమర్చారు. మినార్ మీద కనిపించేవి గీతలు, రేఖల అల్లికలు. ఏ పలక ఎక్కడ ఉండాలో ఆ పనివారికి తెలుసు. 1696 ప్రాంతంలో జరిగిన పేలుడులో సగభాగం కూలిపోయినా, నిలిచిన భాగంలో ఆ మర్యాద నేటికీ కనిపిస్తుంది. ఈ సంగతి చెప్పి, "బిస్మిల్లాహ్ నాలుక మీద ఉండాలి బేటా. అన్నం ముందు కూర్చున్న పసివాడికి ప్రవక్త (స) నేర్పింది బిస్మిల్లాహ్ పలకమనే" అన్నాను. వాడు ఒప్పుకున్నాడు. ఒక్క విషయంలోనైనా నా చదువు ఆ గోడకు పనికివచ్చినందుకు లోలోపల సంతోషించాను.

చివరికి నా భార్య ఎంచుకున్నది బొమ్మ, పువ్వు ఏమీ లేని, మీగడ రంగు నునుపు టైల్. 12 అంగుళాలు, 18 అంగుళాల పరిమాణం. గరుకు తలం ఉన్నవి చూడడానికి బాగుంటాయి గాని ఆ గరుకులో జిడ్డు పేరుకుంటుంది. నేలకు నునుపు టైల్ ప్రమాదం, గోడకు అదే మేలు. మరీ చిన్న పలకలైతే సందులు పెరుగుతాయి, మురికి చేరేది సందులలోనే. ఇవన్నీ ఆమె దుకాణదారుకు చెబుతుంటే అతను తల ఊపుతూ విన్నాడు. లెక్క వేశాము. బండ పొడవు 14 అడుగులు, ఎత్తు రెండడుగులు, అంటే 28 చదరపు అడుగులు. పొయ్యి వెనుక అదనంగా 8. మొత్తం 36. ఒక్కో పలక ఒకటిన్నర చదరపు అడుగు కాబట్టి 24 పలకలు. పెట్టెకు ఆరు చొప్పున ఐదు పెట్టెలు తీసుకున్నాము. కోతకు, పగుళ్ళకు కొన్ని పోగా మిగిలినవి దాచుకోవాలి. రేపు ఒకటి పగిలితే అదే రంగు మళ్ళీ దొరకదు. పెట్టెలన్నింటి మీదా ఒకే బ్యాచ్ నంబరు ఉందో లేదో చూసుకోవాలని కూడా అక్కడే తెలుసుకున్నాము. బ్యాచ్ మారితే రంగులో తేడా వస్తుంది.

పని చేసిన మేస్త్రి మా వీధి చివరి హిందూ సోదరుడు. చేతిపని తెలిసిన మనిషి. పాత రంగు మీదే టైల్స్ అతికిస్తే పని తొందరగా అయిపోతుంది గదా అని నేను అడిగితే, "రంగు మీద అతికిస్తే టైల్ పట్టుకునేది గోడను కాదు అయ్యవారూ, రంగును. రంగు ఊడిన రోజు టైలూ ఊడుతుంది" అన్నాడు. రోజంతా గోడకు సుత్తీ ఉలీతో గాట్లు కొట్టాడు. దుమ్ము కడిగి, తడిపి, నీటిమట్టం చూసి దారం కట్టాడు. సిరామిక్ పలకలు నీళ్ళు పీలుస్తాయి కాబట్టి ముందు నానబెట్టి సిమెంటుతో అతికించడం పాత పద్ధతి. విట్రిఫైడ్ పలకలు నీటిని దాదాపు పీల్చవు. వాటికి సిమెంటు సరిగా పట్టదు, ప్రత్యేకమైన జిగురు కావాలి. మావి సిరామిక్ పలకలే అయినా పొయ్యి వేడి, ఆవిరి తగిలే చోటు కాబట్టి జిగురే వాడదామన్నాడు. పలక వెనుక ఖాళీ మిగలకుండా పూర్తిగా పూయాలి. ఖాళీ ఉన్న చోట తడితే డొల్ల శబ్దం వస్తుంది, అక్కడే పగులుతుంది. ఒక్కో పలకనూ వేలి కణుపుతో తట్టి విన్నాడు.

పలకల మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్కలు పెట్టి సమానంగా సందు వదిలాడు. మరునాడు ఆ సందులు నింపాడు. తెల్ల సిమెంటు చౌక, కాని పసుపు నీళ్ళు తగిలితే మరక పడుతుంది. ఎపాక్సీ ధర ఎక్కువ, మరక పట్టదు. ఇక్కడ నేను తెల్ల సిమెంటు చాలనబోయి, నా భార్య చేతికి ఉన్న కట్టు వైపు చూసి ఊరుకున్నాను. గ్రానైట్ బండకూ గోడకూ మధ్య కలిసే మూలను సిలికాన్‌తో మూశాడు. నీళ్ళు దిగేదీ బొద్దింకలు చేరేదీ ఆ మూలలోనే. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గును నీళ్ళకు దూరంగా మార్చాడు.

ఖర్చు రాస్తున్నాను, ఇలాంటి ఆలోచనలో ఉన్న సాధారణ కుటుంబాలకు ఉపయోగపడుతుందని. టైల్స్ 1,900 రూపాయలు, జిగురు 450, ఎపాక్సీ 750, మేస్త్రికి రెండు రోజులకు 2,000, సహాయకుడికి 1,400, ఎలక్ట్రీషియన్‌కు 500. మొత్తం 7,000 రూపాయలు. వీధి గోడకు పెట్టిన దానిలో మూడో వంతు కూడా కాదు. ఈ ఇరవై ఏళ్ళలో రంగులకు పెట్టినది కలిపితే ఇంతకు మించే ఉంటుంది. ఆమె చేతికి అయిన ఖర్చు ఏ లెక్కలో వేయాలో నాకు తెలియదు.

రమజాన్‌కు నాలుగు రోజుల ముందు పని పూర్తయింది. మొదటి ఉపవాసం రోజు ఇఫ్తార్‌కు గంజి కాచింది. అస్ర్ తర్వాత మసీదుకు వెళ్ళబోతూ నేను వంటింట్లోకి తొంగి చూశాను. గంజి పొంగి చింది గోడ మీద పడింది. ఆమె తడిగుడ్డ తీసుకుని, నొప్పిలేని ఎడమ చేత్తో ఒక్కసారి తుడిచింది. పోయింది. ఆమె ఆ చోటు వైపు ఒక క్షణం అలాగే చూస్తూ నిలబడింది. తర్వాత గంజి కలపడానికి తిరిగింది. ఒక్క తుడుపుతో పోయే పనికి ఆ మనిషి ఇరవై ఏళ్ళ రాత్రులు ఖర్చు చేసిందన్న ఆలోచనతో నాకు మసీదు దాకా నడవడం కష్టమైంది. మా అమ్మ పగిలిన వేళ్ళు కూడా ఆ దారిలోనే జ్ఞాపకం వచ్చాయి.

ప్రవక్త (స) ఇంట్లో ఏమి చేసేవారని అస్వద్ (రహ్మలై) అడిగినప్పుడు, ఇంటివారి సేవలో ఉండేవారని, నమాజు వేళ కాగానే బయలుదేరేవారని ఆయిషా (రజి) చెప్పినట్టు బుఖారీలో ఉంది. ఈ హదీసును కూడా నేను ఏళ్ళ తరబడి చెప్పాను. ఇప్పుడు రాత్రి పూట ఆ గోడను తుడవడం నా పని. రెండు నిమిషాలు పడుతుంది. మా బోరు నీళ్ళు ఉప్పునీళ్ళు. తడి అలాగే వదిలేస్తే ఆరాక తెల్లని మచ్చలు కడతాయి. అందుచేత చివర పొడిగుడ్డతో తుడవాలి. యాసిడ్ మాత్రం పోయరాదు, సందులు, బండ పాడవుతాయి. ఇవి నా భార్య నాకు చెప్పిన పాఠాలు. మొదటి వారం నేను మూలలు వదిలేశానని రెండుసార్లు పిలిచి చూపించింది.

వీధి గోడ టైల్స్ అలాగే ఉన్నాయి. వాటిని పీకేయడం మరో దుబారా. అటుగా వెళ్ళేవారు ఇల్లు బాగుందంటారు. అన్న ప్రతిసారీ నాకు ఆ హదీసు మొదటి సగం గుర్తుకు వస్తుంది. ఇంట్లోకి వచ్చి పొయ్యి వెనుక గోడను చూసినప్పుడు, ఆ రెండు దిండ్ల సగం గుర్తుకు వస్తుంది.

సోదరులారా, మీ ఇంట్లో ఎవరైనా ఒక చిన్న వస్తువు కోసం మూడుసార్లు అడిగి, నాలుగోసారి అడగడం మానేశారేమో ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. ధర్మం పేరుతో కాదనే ముందు, అదే ధర్మాన్ని మీ ముందు గదికి, మీ వీధి గోడకు వర్తింపజేశారో లేదో చూసుకోండి. ఇంట్లో రోజూ ఆ చోట నిలబడే మనిషిని అడిగి, ఆమె చెప్పిన కొలతతో పని మొదలుపెట్టండి. మా కోసం చేతులు అరగదీసుకున్న తల్లులకు, భార్యలకు అల్లాహ్ ఇహపరాలలో ఉత్తమ ప్రతిఫలం ప్రసాదించుగాక. మా ఆలస్యాలను మన్నించుగాక. ఆమీన్.